గుంట అంచున గొడుగు

“ఎవరండీ అక్కడ? ఫొటోలో గొడుగు నీడ పడుతోంది. పక్కకి జరగండి!”

గుంటలో మోకాళ్ల మీద కూర్చున్న తవ్వకాల మేడమ్ తలెత్తకుండానే కేకేసింది.

అంచు మీద నిలబడ్డ ముసలాయన నొచ్చుకున్నాడు.

“ఆవిడ మొహం మీద ఎండ పడుతోందని పట్టానమ్మా.”

“ఆవిడ పోయి నాలుగు వేల ఏళ్లయింది బాబాయ్ గారూ. ఇక వడదెబ్బ తగలదు లెండి.”

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. గొడుగు మాత్రం ముయ్యలేదు.

ఆవిడంటే ఆ గుంటలో బయటపడ్డ అస్థిపంజరం. తవ్వేవాళ్లు ముద్దుగా పెద్దమ్మ అని పేరు పెట్టుకున్నారు. ఒక పక్కకి తిరిగి, మోకాళ్లు ముడుచుకుని, ఒక చెయ్యి చాపుకుని పడుకుని ఉంది. చేతి మీద నిద్రపుచ్చిన పసిపిల్ల ఎప్పుడో లేచి ఆటలకి పోతే, తల్లి మాత్రం అలాగే నిద్రలో ఉండిపోయినట్టుంటుంది. పొద్దువాలే వేళ ఆ మెత్తటి వెలుగులో చూస్తే, ఇంకాసేపటికి ఆవులించి లేచి కూర్చుంటుందేమో అనిపిస్తుంది. మేడమ్ చదివిన చదువులో ఇలాంటి ఊహలకి చోటు లేదు. అయినా ఆమెకి రోజూ అలాగే అనిపించేది. పైకి చెబితే నవ్వుతారని ఊరుకునేది.

ఆమె బెంగంతా ఒక్కటే. త్వరలో పెద్దమ్మని పెట్టెలో సర్ది రాజధానిలోని చలిగదికి పంపెయ్యాలి. అక్కడ అల్మరాలో ఒక నంబరైపోతుంది. పంపకుండా ఉండాలంటే ఒక్కటే దారి. ఆవిడ వంశంలో బతికున్నవాళ్లెవరైనా వచ్చి, మా మనిషిని మట్టిలోనే ఉండనివ్వండి అని అడగాలి. అందుకోసం చుట్టుపక్కల వాళ్లందరి డీఎన్ఏ నమూనాలూ పెద్దమ్మ పంటితో పోల్చి చూశారు. ఒక్కరిదీ కలవలేదు.

ముసలాయన మర్నాడూ వచ్చాడు. ఆ తర్వాతా వచ్చాడు. మాట్లాడడు, అడ్డురాడు. పెద్దమ్మ తల దగ్గర నీడ పట్టుకుని కూర్చుంటాడు.

“ఏ ఊరండీ మీది?” ఒకరోజు మేడమ్ అడిగింది.

“ఊరంటూ ఏముందమ్మా? కాళ్లకి చక్రాలున్నాయి, తిరుగుతుంటాను. బస్సులోంచి మీ డేరాలు కనిపిస్తే దిగిపోయాను.”

“ఎందుకు దిగారు?”

“అదే నాకూ తెలీలేదు.”

మేడమ్‌కి నవ్వొచ్చింది. దూదిపుల్ల తీసి, “సరే, నోరు తెరవండి” అంది.

“పన్నుకోసమైతే వద్దమ్మా. నాకున్నవే నాలుగు.”

“పన్ను కాదండీ, బుగ్గ లోపల ఒకసారి తిప్పుతానంతే.”

గుంట దగ్గరికి వచ్చిన ప్రతివారి దగ్గరా అలా తీసుకోవడం అక్కడి పద్ధతి. బతికున్నవాళ్ల చెమటచుక్కో వెంట్రుకో ఎముకల మీద పడితే పరీక్ష పాడవుతుంది. ఎవరెవరు వచ్చారో తెలిస్తే, లాబ్‌లో వాళ్ల వంతు ఏరి పారెయ్యొచ్చు. పోల్చాల్సిన నమూనాలు ఒక డబ్బాలోకి, పారెయ్యాల్సినవి ఇంకో డబ్బాలోకి పోతాయి.

“దీన్ని ఏం చేస్తారమ్మా?”

“తీసి పారేస్తాం.”

“పారెయ్యడానికేనా ఇంత భద్రంగా సీసాలో పెడుతున్నారు?”

ఆమె సీసా మీద ‘గొడుగు’ అని రాసి రెండో డబ్బాలో పడేసింది.

పెట్టెలో సర్దే రోజు రానే వచ్చింది. భోజనం చేసి వచ్చిన మేడమ్ గుంటలోకి చూసి కొయ్యబారిపోయింది. ముసలాయన కిందికి దిగి, పెద్దమ్మ చాపిన చేతి పక్కనే మట్టిలో ముడుచుకుని నిద్రపోతున్నాడు.

ఆమెకి ఒళ్లు మండిపోయింది.

“లేవండి! ఎవరు దిగమన్నారు మిమ్మల్ని? ఒక్క ఎముక కదిలినా నా ఇన్నేళ్ల కష్టం బూడిదలో పోసినట్టే!”

ఆయన తడబడుతూ లేచాడు.

“తప్పేనమ్మా. కాసేపు కూర్చుందామని దిగాను. ఎప్పుడు కునుకు పట్టిందో… ఇంత హాయిగా ఎప్పుడూ నిద్రపట్టలేదు.” పైకెక్కి, వెళ్లబోయి ఆగాడు. “ఈవిణ్ణి ఇక్కడే ఉంచెయ్యకూడదామ్మా?”

అసలే ఆ బాధతో ఉందేమో, ఆమెకి ఆ మాట పుండు మీద కారం చల్లినట్టయింది.

“ఆ మాట ఆవిడ మనుషులు అనాలి. మీరేమవుతారు ఆవిడకి?”

“నేనేమవుతాను? దారిన పోయే దానయ్యని.”

“అయితే ఆ దారినే పోండి.”

ఆయన గొడుగు మడుచుకుని రోడ్డెక్కాడు. ఏదో బస్సు ఆగింది, వెళ్లిపోయింది. ఆ వెనకే పెద్దమ్మ పెట్టె కూడా లారీ ఎక్కింది.

ఖాళీ గుంట అంచున మేడమ్ ఒక్కతే కూర్చుని ఉంటే ఫోన్ మోగింది. లాబ్‌లోని స్నేహితురాలు.

“గుంటలోకి ఎవరెవర్ని రానిచ్చావే?”

“ఏం, కల్తీ అయిందా?”

“అందరి వంతూ తీసేశాను. ఒక్కటి మాత్రం తియ్యడానికి రావట్లేదు. దాన్ని తీసేస్తే పెద్దమ్మే పోతోంది.”

“అదేంటి?”

“ఆవిడదీ ఆ మనిషిదీ ఒకే తల్లి వరస. ఒకటికి మూడుసార్లు చూశాను. పెట్టె రాజధానిలో దిగేలోగా ఆ మనిషిచేత అడిగించు, ఆపేస్తారు. సీసా మీద ‘గొడుగు’ అని ఉంది. అసలు పేరేంటే?”

పేరు మేడమ్ అడగనే లేదు.

రోడ్డు మీదికి పరుగెత్తింది. రెండువైపులా చూసింది. ఎండలో దుమ్ము మెల్లగా, కలలోలా కిందికి దిగుతోంది. మనిషి జాడ లేదు.

ఆమె కసిరి లేపి పంపేసినవాడు పెద్దమ్మ కూతురికి కూతురు, ఆ కూతురికి కూతురు, అలా అలా వేల ఏళ్లు నడిచొచ్చిన తల్లుల్లో ఆఖరి తల్లి కన్న కొడుకు.