రెండు మిల్లీమీటర్ల లోతు

పలక మీద ‘పన్నెండు గంటలు’ అని రాసి, ఇన్‌చార్జి సుద్దముక్క కింద పెట్టింది.

బొగ్గు పెద్దాయన ఆ అంకె చూసి, పార పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"చాలదమ్మా," అన్నాడు.

ఉక్కు గేర్లను బొగ్గుపొడి నింపిన పెట్టెల్లో పూడ్చి కొలిమిలో కాల్చే షెడ్డు అది. ఆ వేడికి బొగ్గులోని కార్బన్ మెల్లగా ఉక్కులోకి ఇంకుతుంది. ఇంకినంత మేర గేరు గట్టిపడుతుంది. పెట్టెల్లో బొగ్గు కూరడం పెద్దాయన పని. ఎన్ని గంటలు కాల్చాలో తేల్చడం ఆమె పని.

"ఎందుకు చాలదు? ఒక మిల్లీమీటరు లోతుకు ఆరు గంటలు. లిఫ్టు కంపెనీవాళ్లు ఈసారి రెండు అడిగారు. రెండారులు పన్నెండు. ఎక్కాలు నాకూ వచ్చు పెద్దాయనా."

"ఇది ఎక్కాలకు లొంగదు తల్లీ. కిక్కిరిసిన బస్సు ఎప్పుడైనా ఎక్కావా?"

"రోజూ అందులోనేగా చచ్చీచెడీ వచ్చేది."

"తలుపు దగ్గర జనం, లోపల ఖాళీ. మొదట్లో ఒక్క ఉదుటున లోపలికి పడతారు. పోనుపోను తోపుడు తగ్గిపోతుంది. కార్బనూ అంతే. ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటికి పోతుంది. ఆ ఎక్కువా తక్కువా ఎంత దగ్గరదగ్గరగా ఉంటే అంత జోరు. లోపలికి పోయేకొద్దీ అదే తేడా ఎక్కువ దూరం పరుచుకుంటుంది, జోరు చచ్చిపోతుంది. రెట్టింపు లోతు కావాలంటే నాలుగింతల టైము పెట్టాలి. ఇరవై నాలుగు గంటలు."

"సరే, బొగ్గు సంగతి మీరు చూసుకోండి. గంటల సంగతి నేను చూసుకుంటా."

నవ్వుతూనే అంది. ఆయనంటే ఆమెకు ఇష్టం. మూడు నెలల కింద ఎక్కడినుంచో వచ్చి పని అడిగితే, ఈ వయసువాడు ఎందుకని యజమాని గొణిగినా పట్టుబట్టి పెట్టించింది ఆమే. మధ్యాహ్నం తన క్యారేజీలోంచి ఓ గిన్నె ఆయన ముందుకు జరిపేది.

ఒక్కటే నచ్చేది కాదు. షెడ్డు తలుపు పక్కన విరిగిన గేరు ఒకటి వేలాడుతుంటుంది. ఇప్పటి యజమాని రాకముందెప్పుడో ఇక్కడే తయారై, ఒక లిఫ్టును కూల్చి ముగ్గురి ప్రాణం తీసిన గేరు. అలాంటి తప్పు మళ్లీ జరగకూడదని పనిలోకి వచ్చేవాళ్లంతా దాన్ని ఒకసారి తాకి లోపలికి రావడం అక్కడి ఆనవాయితీ. పెద్దాయన మాత్రం తల వంచుకుని దాటిపోయేవాడు. ఈ వయసులోనూ ఎంత పొగరో అనుకునేది.

పన్నెండు గంటలయ్యాక గేర్లు చల్లార్చి బయటికి తీశారు.

"ఇంకో పన్నెండు గంటలు పెట్టించు తల్లీ," అన్నాడు మళ్లీ.

ఆమె ఒక గేరు పన్ను మీద ఆకురాయి పెట్టి గీసింది. జర్రున జారిపోయింది.

"చూశారా? గీత కూడా పడలేదు."

"పైన పడదు. సంగతంతా లోపలుంది."

విసుగొచ్చింది ఆమెకు. సరుకు వేళకు వెళితే ఉద్యోగం ఖాయం చేస్తానని యజమాని మాటిచ్చాడు. ఆరు నెలలుగా ఆ మాట కోసమే పడిగాపులు పడుతోంది. సరుకు పంపే కాగితం మీద సంతకం పెట్టేసింది.

మర్నాడు పొద్దున్నే లిఫ్టు కంపెనీ తనిఖీ అధికారి వచ్చాడు. కోసిన ఉక్కుముక్క ఒకటి బల్ల మీద పెట్టాడు.

"ఇది మీ పెట్టెలో గేర్లతోపాటు పెట్టిన నమూనా. గట్టిపొర ఒకటిన్నర కూడా లేదు."

"ఎవరిచ్చారు మీకు?"

"నేనే ఇచ్చాను," అన్నాడు పెద్దాయన వెనకనుంచి.

సరుకు కోసం వచ్చిన లారీ ఖాళీగా వెళ్లిపోయింది. "ఇంకో ఆరు నెలలు చూద్దాంలే," అన్నాడు యజమాని, ఆమె మొహం చూడకుండా.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఉద్యోగం పోయినా అంత బాధ ఉండేది కాదేమో. నమ్మినవాడే ఇలా చేశాడన్నది గుండెను కోసేసింది.

"నా పక్కన కూర్చుని తిన్నది నన్ను వెన్నుపోటు పొడవడానికా? ఏదైనా ఉంటే నాతో చెప్పాలిగా."

"రెండుసార్లు చెప్పాను తల్లీ."

"మూడోసారి చెప్పాలి."

"మూడోసారికి లారీ వెళ్లిపోయేది."

"ఏం చెయ్యమంటావు ఈయన్ని?" అని యజమాని ఆమెనే అడిగాడు.

"పంపించేయండి."

పెద్దాయన ఆమె ముందుకు తోసిన జీతం లెక్క కాగితం మీద సంతకం చేశాడు. సంతకం కింద చిన్నగా రెండు చుక్కలు పెట్టాడు. వెళుతూ వెళుతూ తలుపు దగ్గర ఆగి, మొట్టమొదటిసారి ఆ విరిగిన గేరు మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. ఇదొక వెటకారమా అనుకుని ఆమె మొహం తిప్పుకుంది.

తర్వాతి సరుకుకు పలక మీద ‘ఇరవై నాలుగు గంటలు’ అని రాసింది, పంతానికి. ఆయన మాట తప్పని తేలితే చాలనుకుంది.

నమూనా కోసి కొలిచింది. సరిగ్గా రెండు.

ఆ సాయంత్రమే ఆయన గదికి పరుగెత్తింది. తాళం వేసి ఉంది. ఖాళీ చేసి వారమైందనీ, ఎక్కడికో చెప్పలేదనీ ఇంటి యజమానురాలు అంది.

షెడ్డుకు తిరిగొచ్చి తలుపు దగ్గరే కూలబడింది. కళ్లెదుట విరిగిన గేరు. ఇన్నాళ్లూ తాకడమేగానీ ఎవరూ పరీక్షగా చూసింది లేదు. కిందికి దించి, విరిగిన పన్ను అంచున గట్టిపొర కొలిచింది.

ఒకటిన్నర కూడా లేదు.

గేరు వెనక్కి తిప్పి, ఏళ్ల తరబడి పేరుకున్న జిడ్డును కిరసనాయిలు గుడ్డతో తుడిచింది.

జిడ్డు కింద తయారీ వివరాల ఇత్తడి బిళ్ల మీద ‘లోతు రెండు, కాలం పన్నెండు గంటలు, ఇన్‌చార్జి’ అని చెక్కి ఉంది, ఆ పక్కనే సంతకం, సంతకం కింద చిన్నగా రెండు చుక్కలు.