తేలిన గుడ్లు

“నాలుగు గుడ్లూ నీళ్లలో తేలినాయి. మురిగిపోయినవి ఇచ్చినావు గదక్కా,” అంటూ ధరణి నీళ్లగిన్నెతో సహా తెచ్చి అంగడి బల్లమీద పెట్టింది.

“మా కోళ్లు నిన్న పెట్టినవి గదమ్మే,” అంది అంగడి పంకజాక్షి. ఆ గుడ్లనే తీసి తాగే క్యాను నీళ్లలో వేసింది. నాలుగూ మునిగాయి.

ఒకే కొలత చెంబులు రెండింటిలో ఆ నీళ్లూ ఈ నీళ్లూ నిండా పోసి ధరణి చేతుల్లో పెట్టింది. గిన్నె నీళ్ల చెంబే బరువుగా ఉంది.

“ఈ నీళ్లల్లో ఏందో కలిసింది. యాడివి?”

“మా చేని బావివి. నిన్న ఆడ ఎవురిదో ట్యాంకరు ఆగింటే, నీళ్లు పట్టుకోను వచ్చిందనుకుంటిమి.”

“ఎవురన్నా తాగినారా?”

“లేదక్కా. తాగను మాకూ క్యానే.”

పంకజాక్షి ఊపిరి పీల్చుకుంది.

ధరణి మాత్రం కదల్లేదు. తెల్లవారినప్పటినుంచీ ఆ బావి నీళ్లతోనే వాళ్ల టమాటా తోటను తడుపుతున్న మోటరు చప్పుడు అంగడిదాకా వినిపిస్తోంది.