గంపకి తలుపు

దొడ్డిలో ముంగిస తిరుగుతోందని తెలిసిన దగ్గర్నుంచి చుక్కి అనే గిన్నికోడికి కంటి మీద కునుకు లేదు. పిల్లలేమో ఇంకా గుప్పిట్లో పట్టేంత ఉన్నాయి. ఇనుపవల గూడు కట్టించే స్తోమత తనకెక్కడిది?

అప్పుడు గుర్తొచ్చింది, తను పెరిగిన వెదురుగంప. ఆ ఊక వాసన, ఒకరి మీద ఒకరు పడి నిద్రపోవడం, బయట ముంగిస గీరుతున్నా బెదురన్నది లేకపోవడం! పాక వెనక బోర్లించి ఉన్న ఆ గంపని వెతికి పట్టుకుంది. తీరా చూస్తే, లోపలికి దూరే కంత నోరు తెరుచుకుని ఉంది.

తనని పొదిగి పెంచిన నాటుపెట్ట ఎర్రమ్మని కేకేసింది. "దీని తలుపేదమ్మా?"

"దానికి తలుపెప్పుడుందే?"

"అదేంటమ్మా! మెత్తగా, వెచ్చగా ఉండేది కదా. దానికి ఆనుకునేగా నేను పడుకునేదాన్ని."

ఎర్రమ్మ అటు తిరిగి, కంతకి పట్టిన బూజు దులపసాగింది. అమ్మ వీపు మీద ఈకలు మొలవని పాత మచ్చలు చుక్కికి ఇన్నాళ్లకి కనబడ్డాయి.

పొద్దుగూకింది. చుక్కి పిల్లల్ని గంపలోకి తోసి, తనూ దూరి, కంతకి వీపు ఆనించి కూర్చుంది.

ఎర్రమ్మ వచ్చి ముక్కుతో పొడిచింది. "జరగవే. అది నా చోటు."