పచ్చదీపం మనిషి

పెళ్లాల్ని కొట్టే మొగుళ్ల కోసమని ప్రభుత్వం ప్రతి ఫ్లాటుకీ ఈ ఏర్పాటు చేసింది. కోపం హద్దు దాటితే, ఆడైనా మగైనా సరే, ఇల్లే బాల్కనీలోకి నెట్టి తలుపేసుకుంటుంది. చల్లారాకే తీస్తుంది. సాయంత్రమైతే మా వీధి బాల్కనీల నిండా లుంగీలే! మా ఆయన కోదండం కూరలో ఉప్పెక్కువైందని అరిచి బయటపడతాడు. నేను కిటికీలోంచి మజ్జిగ అందిస్తాను.

పక్కింటి విద్యాధర్ మాత్రం ఒక్కసారీ బయటికి రాలేదు. వాళ్ల గుమ్మం మీద ఎప్పుడూ, ఇంట్లో కోపం లేదని చెప్పే పచ్చదీపమే.

"ఆయన్ని చూసి నేర్చుకోండి" అని రోజూ మా ఆయన్ని దెప్పేదాన్ని.

నిన్న విద్యాధర్ భార్య వకుళ గిన్నెలు విసిరేసి, నోటికొచ్చిన బూతులన్నీ తిట్టింది. ఇల్లు ఆమెను బాల్కనీలోకి నెట్టేసింది.

"నీకింత కోపమేంటమ్మా?" అన్నాడు పక్క బాల్కనీలోంచి కోదండం.

"కావాలనే తెచ్చుకున్నానన్నయ్యా. ఆయనకి రాదుగా" అంటూ వాచిన మణికట్టు చూపించింది. "ఇది మెలిపెట్టేటప్పుడు కూడా నవ్వుతూనే ఉన్నాడు."

అద్దం తలుపు వెనక విద్యాధర్ చిరునవ్వుతో ఎదురుచూస్తున్నాడు. వకుళ కళ్లు నీళ్లతో నిండాయి.

కోదండం మజ్జిగ గ్లాసు వదిలేసి, పిట్టగోడ మీదుగా చెయ్యి చాపాడు.

"ఏడవకమ్మా, చల్లారిపోతావు, తలుపు తెరుచుకుంటుంది! తిట్టు, తిడుతూనే ఇటు దూకు!"