మనిషిగా మారని బాలింత

ఓబులమ్మకు యాభై రెండేళ్లు. రోజూ పొద్దున్నే రాతి మీద గోళ్లు అరగదీసుకుంటుంది. తోడేలు మనుషుల గుంపులో మనసుకు వైద్యం చేసేది ఆమే.

ఆ గుంపులో అందరూ పున్నమికి తోడేళ్లవుతారు, తెల్లారితే మళ్లీ మనుషులవుతారు. బాలింత చెన్నక్క మాత్రం పున్నమి వెళ్లినా తోడేలుగానే ఉండిపోయింది, దగ్గరికెళ్తే కరవబోతోంది.

"ఒట్టి పొగరు! వచ్చే పున్నమికల్లా మారకపోతే బిడ్డను మనం ఉంచుకుని దీన్ని అడవిలోకి తరిమేద్దాం" అన్నాడు గుంపు పెద్ద. మగవాళ్లు కరిస్తే మాత్రం ఆయన దాన్ని పౌరుషం అంటాడు.

ఓబులమ్మ వెళ్లి చెన్నక్క పక్కన నేల మీద కూర్చుంది. "కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్లయిందే తల్లీ?"

చెన్నక్క తోడేలు గొంతుతోనే బావురుమంది. "మనిషినైతే మళ్లీ అందరికీ వండాలి, రాత్రంతా బిడ్డకోసం మేలుకోవాలి. భయమేస్తోందమ్మా."

ఓబులమ్మ బిడ్డను తీసి చెన్నక్క మొగుడి చేతుల్లో పెట్టింది.

"నాకు చేతకాదత్తా!" అన్నాడతను.

"దానికి మాత్రం పుట్టుకతో వచ్చిందా? నేర్చుకో."

ఓబులమ్మ రోజూ వచ్చి చెన్నక్క చెప్పిందంతా వింది. ఆమె నిద్రపోతే ఎవరూ లేపకుండా కాపలా కూర్చుంది. పున్నమి రాకముందే చెన్నక్కకు ముందు చేతులు, తర్వాత ముఖం మనిషివయ్యాయి. లేచి, బిడ్డను ఇమ్మని తనే అడిగింది.

ఆ ఏడే ఓబులమ్మ బాలింతల నిద్ర కోసం ఒక గుహ ఖాళీ చేయించింది. అది గుంపు పెద్ద పడుకునే గుహ.