తొంభై రెండు

కిటికీల సందులకు టేపు అంటించాలి. తలుపుల కింద తడిదుప్పట్లు పరచాలి. తాగేనీళ్లు పట్టిపెట్టాలి. డాబా మీది మోటారుకు బూడిద పడకుండా కవరు కట్టాలి. అడవి అంటుకుందని తెలిసిన రోజు పై ఆఫీసు పంపిన కాగితంలో ఉన్నవన్నీ హాస్టల్ వార్డెన్ తు.చ. తప్పకుండా చేయించింది. మోటారుకేమిటి, పైనున్న వాటన్నిటికీ కట్టమంది.

"డాబా పనేమయింది తాతా?" అని వాచ్‌మన్‌ను అడిగింది.

"ఒక్కటీ వదల్లేదమ్మా. నేనేసిన ముడి విప్పాలంటే మళ్లీ నేనే రావాలి!" బోసినోటితో నవ్వాడు తాత.

ఆ నవ్వు నిన్నటిది. ఈ మధ్యాహ్నం హాల్లో నవ్వేవాళ్లు లేరు. పొగకు కళ్లలో కారం కొట్టినట్టుంది. ఇరవైమంది ఆడపిల్లల్లో అందరికంటే చిన్నది, ఉబ్బసం పిల్ల, వార్డెన్ ఒళ్లో పడుకుని డొక్కలెగరేస్తోంది. దాన్ని అందరూ పిచ్చుక అంటారు. దాని పీల్చే మందు పొద్దున్నే అయిపోయింది.

రోడ్లు మూసేశారు. రాగలిగినవి సర్కారు బస్సులే. గాలిలో పొగను కొలిచే హాస్టల్ గాలిమీటరు మూడొందలు దాటితేనే అవి బయల్దేరతాయి. మీటరు అంకె పడే హాల్లోని తెర మీద నిన్నటినుంచీ తొంభై రెండే.

వార్డెన్ బస్సులు పంపే ఆఫీసుకు తొమ్మిదోసారి ఫోన్ చేసింది.

"ఎదురుగోడ కనబడట్లేదు బాబూ! పిల్ల ఊపిరాడక కొట్టుకుంటోంది."

"అందరూ అదే అంటారు మేడమ్. మీ అంకె నా కళ్లముందే ఉంది. నాలుగొందలున్న ఊళ్లకే బస్సుల్లేక ఛస్తున్నాం."

"నీకు దణ్ణం పెడతాను. ఒక్క బస్సు."

"అంకె పెరగనివ్వండి, వెంటనే పంపిస్తా."

ఫోన్ పెట్టేశాడు. పిల్లలు తెరముందు కూర్చుని, పొగ పెరగాలని తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుతున్నారు.

"పెరిగిందా అమ్మా?" పిచ్చుక గొంతు పీలగా వచ్చింది.

"పెరుగుతుంది తల్లీ. లెక్కల్లో నీ మార్కుల్లాగా, నిదానంగా."

పిచ్చుక నవ్వబోయి దగ్గింది. మళ్లీ అడగలేదు. ఎంత కుదిపినా అడగలేదు.

పిల్లను తాత చేతుల్లో పెట్టి, ఏ బండైనా కనబడుతుందేమోనని వార్డెన్ డాబా మీదికి పరుగెత్తింది. రోడ్డే కనబడలేదు. తాను చెప్పినట్టే అన్నిటికీ కవర్లు. మోటారుకు ఒకటి. ఇన్వర్టర్‌కు ఒకటి. పిట్టగోడకు బిగించిన చిన్న డబ్బాకు రెండు, తాత ముడి గట్టిగా.

వంగి చూసింది.

కవర్ల లోపల ఎర్రగా వెలుగుతోంది, తొంభై రెండు.