ఒక్క నాగా లేని లింగమూర్తి

లింగమూర్తి రాసిన ‘బాయిల ముప్పై ఏండ్లు’ నెల తిరక్కుండానే నాలుగోసారి అచ్చయింది. గోదావరిఖనిలో చికెన్ సెంటర్లలో కూడా పెట్టి అమ్మారు. బొగ్గుబాయిలో పడ్డ కష్టమంతా ఉంది అందులో. కొన్నవాళ్లు కొన్నచోటే నిలబడి చదివి కళ్లు తుడుచుకున్నారు.

ఇక రావాల్సింది ఎమ్మెల్యే టికెట్టు. పుస్తక సభకే వచ్చి, అక్కడే పేరు ప్రకటిస్తామన్నారు పార్టీ పెద్దలు.

అదే టికెట్టు మీద కన్నేసిన సదానందం ఊరుకుంటాడా?

“ఈయన ఒక్కనాడన్న బాయిల దిగిండా? రుజువు చూపెట్టుమనుండ్రి!” అని ఊరంతా టాంటాం వేశాడు.

లింగమూర్తికి రెండు రోజులు అన్నం సయించలేదు. చివరికి బామ్మర్ది రాజాన్ని పిలిచాడు. రాజం కూడా బాయిపని చేసి రిటైరైనవాడే. పుస్తకం రాస్తున్నన్నాళ్లూ పక్కనే కూర్చుని తప్పులు దిద్దిన మనిషి.

“ఎట్లరా? టికెట్ పోయేటట్టున్నది.”

“ఫికర్ చెయ్యకు బావా. మస్టర్ క్లర్కు గిడియోన్ సారును పిలిపియ్యి. రోజూ హాజరు పిలిచింది ఆయనే. ఇప్పుడు చూపు ఆనది గని, యాది మాత్రం మస్తుగున్నది.”

సభ కిటకిటలాడింది. ముసలి గిడియోన్‌ను చెయ్యి పట్టి స్టేజీ ఎక్కించారు. ఆయన మైకు తడిమి పట్టుకున్నాడు.

“లింగమూర్తి, తండ్రి మల్లయ్య. ఎందుకు యాది లేదు! ముప్పై ఏండ్లల్ల ఒక్క నాగా లేదు. ఫస్టు షిఫ్టుకు అందరికన్న ముందుగాల వచ్చేటోడు.”

చప్పట్లే చప్పట్లు. సదానందం ముఖం మాడిపోయింది. పార్టీ పెద్దాయన జేబులోంచి కాగితం తీశాడు.

లింగమూర్తి అక్కడితో ఊరుకుంటే బాగుండేది. సంతోషం నెత్తికెక్కింది.

“సారూ, గప్పుడు షిఫ్టుకు ముందు పిలిచినట్టు ఒక్కసారి నా పేరు పిలువుండ్రి. జనం వినాలె!”

గిడియోన్ గొంతు సవరించుకున్నాడు.

“లింగమూర్తీ!”

స్టేజీ మీది లింగమూర్తి నోరు తెరిచేలోపే, ముందు వరసలో కూర్చున్న రాజం ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ దిగ్గున లేచి, “హాజర్ సార్!” అన్నాడు.